అగ్నిపర్వతం పక్కన ఉన్న అమ్మాయి ఇంటికి చలికాలంలో వెళ్లవచ్చా?

నరసన్నపేట అమ్మ | అక్టోబరు 12

అందరికీ నమస్కారం. మా అమ్మాయి, అల్లుడు, తొమ్మిదేళ్ల మనవరాలు అమెరికాలో, వాషింగ్టన్ రాష్ట్రంలోని పుయాలప్ అనే ఊళ్లో ఉంటున్నారు. వాళ్ల వంటింటి కిటికీలోంచి రైనియర్ పర్వతం కనిపిస్తుంది. ఫోనులో మొదటిసారి చూపించినప్పుడు, పెళ్లి పందిట్లో అన్నం రాశి పోసినట్టు ఉందని మురిసిపోయాను. అది అగ్నిపర్వతమని, ఇంకా చల్లారిపోలేదని ఈ మధ్యనే తెలిసింది. అదీ అమ్మాయి చెప్పలేదు. మనవరాలు చెప్పింది. "అమ్మమ్మా, బురద వస్తుందంటే తోసుకోకూడదు, వరుసలో నడిచి గుట్ట ఎక్కాలి. మా బడిలో అందరం నడిచాం" అంది.

అంతటితో అయిపోలేదు. చలికాలం వచ్చిందంటే రెండు వారాలకోసారి ముగ్గురూ ఆ కొండ మీదికే వెళతారట. కాళ్లకు తట్టల్లాంటివి కట్టుకుని మంచులో నడుస్తారట. డిసెంబరులో నన్ను రమ్మంటున్నారు, నన్నూ నడిపిస్తారట. నాకు 61 ఏళ్లు. మోకాళ్లు బాగానే ఉన్నాయి, రక్తపోటుకు మాత్ర వేసుకుంటాను. వెళ్లాలని ఉంది, కానీ రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదు. అక్కడ ఉంటున్నవాళ్లు, ఆ కొండల సంగతి తెలిసినవాళ్లు ఉన్నదున్నట్టు చెప్పండి. నాకు ధైర్యం చెప్పడం కోసం చెప్పకండి.

లోయ ఇల్లు | అక్టోబరు 12

అమ్మా, నమస్తే. మాది రాజాం. ఆరేళ్లుగా ఓర్టింగ్‌లో ఉంటున్నాను. మీ అమ్మాయి ఊరికి ఎగువన, కొండకు ఇంకా దగ్గర. ముందు మీ అమ్మాయిని ఒక్క మాట అడగండి: ఇల్లు నది పక్కన పల్లంలో ఉందా, దక్షిణాన మెరక మీద ఉందా? పుయాలప్‌లో రెండు రకాల ఇళ్లూ ఉన్నాయి. మెరక మీద ఉంటే మీ మొదటి భయం చాలావరకు తీరినట్టే.

పల్లంలో ఉన్నవాళ్లకు ముప్పు లావాతో కాదు, బురద వరదతో. దాన్ని లహార్ అంటారు, జావా వాళ్ల మాట. పైన మెత్తబడిన రాయి, మంచు, నీళ్లు కలిసి జారి, తడి కాంక్రీటులా నది దారి పట్టి వస్తుంది. సుమారు 500 ఏళ్ల కిందట అలా వచ్చి పేరుకున్న బురద మీదే ఇప్పుడు మా ఊరు ఉంది. ఇళ్లకు పునాదులు తవ్వితే ఆనాటి అడవి చెట్ల మొదళ్లు బయటపడ్డాయి. ఆ వరద వచ్చినప్పుడు కొండ పేలిందనడానికి ఆనవాళ్లు లేవు. అందుకే ఇక్కడ పేలుడు కోసం కాచుకుని కూర్చోరు. లోయ పైభాగంలో నేల అదురును పసిగట్టే పరికరాలు పెట్టారు. 1998 నుంచి ఉన్నాయి, తర్వాత ఇంకా పెంచారు. అవి పసిగడితే కింద ఊళ్లలో సైరన్లు మోగుతాయి. ఆ తర్వాత మా ఊరివాళ్లకు ఉండే వ్యవధి గంట, ఇంకా తక్కువే కావచ్చు. పుయాలప్ దిగువన ఉంది కాబట్టి మీవాళ్లకు ఇంకొంచెం ఎక్కువ. ప్రతి నెలా మొదటి సోమవారం మధ్యాహ్నం 12 గంటలకు సైరన్లను మోగించి చూస్తారు. వచ్చాక విని హడలిపోకండి.

మీ మనవరాలు చెప్పింది అక్షరాలా నిజం. 2024 మార్చిలో ఈ చుట్టుపక్కల బడుల నుంచి 45 వేల మందికి పైగా పిల్లలు ఒకే రోజు ఆ సాధనలో పాల్గొన్నారు.

మా ఇంటి నుంచి మెరకకు నేను నడిచి చూసుకున్నాను. ఒక్కడినే అయితే 19 నిమిషాలు. ఆరేళ్ల కొడుకుతో, వానలో, చీకటి పడ్డాక నడిస్తే 31 పట్టింది. బూటు లేసు ఊడిందని రెండుసార్లు ఆగాడు. మా ఇంట్లో లెక్క 31 నిమిషాలే. కారు తీయాలని అనుకోము. అందరూ ఒకేసారి కార్లు తీస్తే ఎవరూ కదలలేరు.

ఉద్దానం గాలి | అక్టోబరు 13

మాది పలాస దగ్గర పల్లె. కొబ్బరి, జీడి తోటలు. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను మా మీదుగానే పోయింది. ముందురోజే మైకులో చెప్పారు. ఫోన్లకు సందేశాలు వచ్చాయి. మా నాన్నగారు "ఇలాంటివి ఎన్ని చూడలేదు" అని కదలనన్నారు. అర్ధరాత్రి దాటాక పెంకులు లేచిపోతుంటే ఆయనను మంచంతో సహా పక్కవాళ్ల డాబా ఇంటికి మోసుకెళ్లాం. నలుగురం మోశాం, గాలికి మంచం పక్కకు తిరిగిపోయింది. తెల్లవారాక చూస్తే మా తాత నాటిన కొబ్బరిచెట్లు అన్నీ ఒకే వైపుకు తల పెట్టి పడి ఉన్నాయి.

ఆ పాప తొమ్మిదేళ్లకే దారి నేర్చుకుంది. ఆ బడి మీద నాకు గౌరవం కలిగింది. మన తీరం పల్లెల బడుల్లో కూడా పిల్లలను తుపాను షెల్టరు దాకా ఏడాదికి ఒకసారి నడిపించాలని మా పంచాయతీలో అడుగుతున్నాను, మళ్లీ అడుగుతాను. అమ్మా, మీరు వెళ్లండి. దారి తెలిసిన ఇంటికి వెళుతున్నారు.

ఖొండలైటు | అక్టోబరు 13

విజయనగరంలో చాలా ఏళ్లు భూగర్భశాస్త్రం పాఠం చెప్పాను. నేను పెట్టుకున్న పేరు మన తూర్పు కనుమల రాయిది. ఖోందు గిరిజనుల పేరు మీద ఆ రాయికి ఆ పేరు వచ్చింది. లోతున వేడికి, ఒత్తిడికి రూపు మారిన రాయి అది. మన కొండల్లో అగ్నిపర్వతం లేదు. లావా పారిన నేల చూడాలంటే రాజమండ్రి దగ్గర కాటేరు వెళ్లాలి, అదీ సుమారు ఆరున్నర కోట్ల ఏళ్ల నాటిది. అందుకే ఈ భయం మనకు కొత్త. కొత్త భయాన్ని విడదీసి చూసుకోవాలి.

రైనియర్ ఎత్తు 4,392 మీటర్లు. అలాస్కాను పక్కన పెడితే అమెరికాలో ఇంకే శిఖరం మీదా అంత హిమానీనదపు మంచు లేదు. అగ్నిపర్వతం నెత్తిన మంచు ఉంటే ప్రమాదం రెట్టింపు. 1985 నవంబరు 13 రాత్రి కొలంబియాలో నెవాడో డెల్ రూయిజ్ పేలింది. పేలుడు చిన్నదే. కానీ శిఖరం మీది మంచు కొంత కరిగి, బురదై, లోయల వెంట దిగి ఆర్మెరో అనే ఊరిని కప్పేసింది. సుమారు 23 వేల మంది పోయారు. ఏ ఊళ్లకు ముప్పు ఉందో చూపించే పటం అప్పటికే తయారై ఉంది. ఊరిని ఖాళీ చేయించలేదు, అంతే. నేను క్లాసులో ఆ పాఠం చెప్పిన ప్రతిసారీ గొంతు పట్టుకునేది. ఓర్టింగ్ సైరన్ల వెనుక ఆర్మెరో ఉంది.

ఇక కొండ మీద నడిచేవాళ్ల సంగతి. లోపలి కరిగిన రాయి, అంటే మాగ్మా, పైకి వస్తుంటే చాలాసార్లు ముందుగా చిన్న భూకంపాలు మొదలవుతాయి. రైనియర్‌కు పొరుగున ఉన్న సెయింట్ హెలెన్స్ 1980 మే 18 ఉదయం 8:32కు పేలి 57 మందిని బలి తీసుకుంది. అయితే అంతకు రెండు నెలల ముందు నుంచే అది అదురుతూ, ఆవిరి చిమ్ముతూ ఉంది. అలా చెప్పకుండా వచ్చేవి ఆవిరి పేలుళ్లు. జపాన్‌లో కుసత్సు-షిరానె దగ్గర 2018 జనవరి 23న స్కీయింగ్ జరిగే వాలు పక్కనే పేలింది. అక్కడ సాధన చేస్తున్న సైనికుడు ఒకరు చనిపోయారు.

మరొకటి ఎవరికీ తట్టనిది. కాలిఫోర్నియాలో మామత్ మౌంటెన్ అనే అగ్నిపర్వతం మీద 2006 ఏప్రిల్‌లో ముగ్గురు స్కీ గస్తీవాళ్లు చనిపోయారు. మంచు కింద నేల బీటలోంచి కార్బన్ డయాక్సైడ్ వచ్చి గుంటలో నిండి ఉంది. పైన మంచు కుంగి ఇద్దరు అందులో పడ్డారు. కాపాడడానికి దిగిన మూడో మనిషీ పోయాడు. అది గాలి కంటే బరువైన వాయువు, కంటికి కనిపించదు. అలాంటి కొండల మీద మంచులో ఎక్కడైనా గుంట పడి, ఆవిరి వస్తూ, కుళ్లిన గుడ్ల వాసన వేస్తే దగ్గరికి వెళ్లకూడదు. వాసన లేకపోయినా వెళ్లకూడదు.

చివరగా ఒక మాట. మనకు "మంచు" అంటే మాఘమాసంలో పొలాల మీద పరుచుకునే తెల్లటి పొగ, ఎండ రాగానే పోయేది. అక్కడి మంచుకూ మనం అదే మాట వాడుతున్నాం. మీరు మనసులో చూస్తున్నదీ, మీ అమ్మాయి నడుస్తున్నదీ ఒకటి కాదు.

ఓడ మనిషి | అక్టోబరు 14

మాది భావనపాడు. సరుకుల ఓడల్లో ఇంజను పని, 24 ఏళ్ల సర్వీసు. సిసిలీలో కటానియా రేవులో రెండుసార్లు ఆగాం. ఊరి వెనకాలే ఎట్నా. ఫిబ్రవరిలో ఒక రాత్రి డెక్ మీదనుంచి చూస్తే తెల్లటి కొండ మీద ఎర్రటి గీత ఒకటి సన్నగా కిందికి దిగుతోంది. మర్నాడు సెలవు దొరికి, బస్సులో 1,900 మీటర్ల ఎత్తున ఉన్న సపియెంజా దాకా వెళ్లాను. ఒక పక్క పిల్లలు స్కీలు వేసుకుని జారుతున్నారు. మంచును బూటుతో గీస్తే తెలుపు, నలుపు, తెలుపు, నలుపు. మంచు పడిన రోజు, బూడిద పడిన రోజు పొరలు పొరలుగా కనిపించాయి.

అదే కొండ మీద 2017 మార్చిలో లావా మంచును తాకి, ఆవిరి పేలి, రాళ్లు ఎగిరాయి. టీవీవాళ్లు, చూడడానికి వచ్చినవాళ్లు గాయపడ్డారు. అక్కయ్యగారూ, నా మాట వినండి. అమ్మాయి ఇంట్లో ఉండండి, మనవరాలితో ఆడుకోండి. కొండ మీదికి మాత్రం వద్దు. సముద్రంలో ఉన్నవాడిగా చెబుతున్నాను, అవసరం లేని చోటికి వెళ్లడం ధైర్యం కాదు.

మంచు దారి | అక్టోబరు 14

ఓడ మనిషి గారూ, మీ ఆందోళన అర్థమైంది, కానీ ఒప్పుకోలేను. ఎట్నా తరచూ పేలే కొండ. రైనియర్ సజీవమే అయినా ఇప్పుడు ప్రశాంతంగా ఉంది, రాత్రింబవళ్లు దాన్ని కనిపెట్టి చూస్తున్నారు. చలికాలంలో అక్కడ మనుషులు పోయేది అగ్నితో కాదు, చలికాలంతోనే.

నాది బొబ్బిలి, సియాటిల్‌లో ఉంటాను. తొమ్మిది చలికాలాలుగా ఆ కొండకు వెళుతున్నాను. రెండో ఏడాది, కొండ మీద కారు వెళ్లే పారడైజ్ అనే చోటికి పైన ఉన్న మంచు మైదానంలో మబ్బు దిగింది. నేల తెలుపు, ఆకాశం తెలుపు, మధ్యలో గీత లేదు. నా కాళ్లు నాకు కనిపిస్తున్నాయి, అవి ఎక్కుతున్నాయో దిగుతున్నాయో తెలియడం లేదు. ఉమ్మి కిందికి పడిన తీరు చూసి వాలు ఎటో కనుక్కున్నాను. 40 నిమిషాల తర్వాత నా అడుగుజాడలే నాకు ఎదురయ్యాయి. ఫోను చలికి ఆగిపోయింది. వెనుక వస్తున్న ఇద్దరి దగ్గర దిక్సూచి ఉండబట్టి ఈ మాటలు రాస్తున్నాను.

కాబట్టి అమ్మా, భయపడవలసిన చోటు చెబుతాను. నిటారు వాలుల మీద, వాటి కింద మంచుచరియలు విరిగిపడతాయి. 30 నుంచి 45 డిగ్రీల వాలు అయితే మరీ ప్రమాదం. ఆ ప్రాంతానికి హిమపాత కేంద్రం ఒకటి ఉంది, ప్రమాదం ఏ స్థాయిలో ఉందో ఒకటి నుంచి అయిదు వరకు అంకెతో రోజూ చెబుతుంది. మీవాళ్లు బయలుదేరే ముందు అది చూస్తున్నారో లేదో అడగండి. రెండోది చెట్టు మొదలు. కొమ్మల కింద మంచు గట్టిపడదు, చెట్టు చుట్టూ బావిలా బోలుగా ఉంటుంది. తలకిందులుగా పడితే సొంతంగా రాలేరు. పాపను చెట్ల మొదళ్ల దగ్గరికి వెళ్లనివ్వకండి. మూడోది పొద్దు. డిసెంబరులో సాయంత్రం నాలుగున్నరలోపే సూర్యుడు అస్తమిస్తాడు.

రోడ్డు సంగతి వేరే చెప్పాలి. నవంబరు 1 నుంచి మే 1 దాకా, కొండ ఉన్న జాతీయ పార్కులోకి వెళ్లే ప్రతి కారులో టైరు గొలుసులు ఉండాలని నియమం. పారడైజ్‌కు వెళ్లే దారిలో లాంగ్‌మైర్ అనే చోట గేటు ఉంటుంది. మంచు తీసిన తర్వాతే పైకి వదులుతారు, ఒక్కోరోజు వదలరు. ఏ రోజుల్లో తెరుస్తారన్నది కూడా ఏటా మారుతుంది.

పారడైజ్ చుట్టుపక్కల చదునైన చోట, తెలిసినవాళ్ల వెంట, ఒక గంట నడక. అంతవరకు నిశ్చింతగా వెళ్లవచ్చు.

ద్వీపవాసి | అక్టోబరు 15

సోంపేట నుంచి మా తాతగారు పోర్ట్ బ్లెయిర్ వచ్చి స్థిరపడ్డారు. మన దేశంలో సజీవంగా ఉన్న ఒకే ఒక్క అగ్నిపర్వతం బ్యారన్ ద్వీపం మాకు సుమారు 140 కిలోమీటర్ల దూరంలో ఉంది. చాలా కాలం నిద్రపోయి 1991లో మళ్లీ లేచింది. ఓడలోంచి ఒకసారి చూశాను. నల్లటి గుట్ట, పైన సన్నటి పొగ. అక్కడ మనుషులు ఉండరు. చూస్తూ ఉండిపోయాను, కళ్లు తిప్పుకోబుద్ధి కాలేదు. అక్కడికి ఎందుకు వెళతారని అడిగేవారికి నా దగ్గర ఉన్న జవాబు అంతే.

నరసన్నపేట అమ్మ | అక్టోబరు 21

అందరికీ చేతులెత్తి నమస్కరిస్తున్నాను. అడిగాను. ఇల్లు పల్లంలోనే ఉంది. అమ్మాయి "అన్నీ తెలుసులే అమ్మా" అంది. "దారి నడిచి చూశారా?" అన్నాను. మాట్లాడలేదు. మొన్న ఆదివారం ముగ్గురూ నడిచారట, 26 నిమిషాలు. ముందు నడిచింది మనవరాలే. హిమపాత కేంద్రం అంకె అల్లుడు రోజూ చూస్తాడట. అది విని సంతోషించాను.

టికెట్టు తీసుకున్నాను. ఇప్పుడు చెప్పండి. నా దగ్గర మంకీ క్యాప్, ఊలు శాలువా, రెండు స్వెట్టర్లు ఉన్నాయి. చీర మీద నడవవచ్చా?

మంచు దారి | అక్టోబరు 21

చీర వద్దమ్మా. అంచు తడిసి, గడ్డకట్టి, కాళ్లకు తగులుతుంది. ఒంటికి తగిలే బట్ట ఏదీ నూలుది కాకూడదు. చెమటతో తడిస్తే ఆరదు, ఒంట్లో వేడిని లాగేస్తుంది. లోపల ఊలు గాని, చెమట పట్టి ఉంచని పలుచటి బట్ట గాని, దాని మీద స్వెట్టరు, పైన నీళ్లు దిగని కోటు. మంకీ క్యాప్ తప్పకుండా తెచ్చుకోండి, దానికి సాటి వచ్చే టోపీ నాకు ఇక్కడ దొరకలేదు. చేతికి రెండు జతల తొడుగులు. నల్ల కళ్లద్దాలు మరచిపోకండి, మంచు మీది ఎండ కళ్లను కాల్చేస్తుంది. రక్తపోటు ఉంది కాబట్టి మీ డాక్టరును అడిగాకే బయలుదేరండి.

ఉద్దానం గాలి | అక్టోబరు 22

జేబులో పెట్టుకోవడానికి మా జీడిపప్పు రెండు కిలోలు పంపుతాను. చిరునామా విడిగా రాయండి అమ్మా. డబ్బు మాట ఎత్తకండి.

నరసన్నపేట అమ్మ | డిసెంబరు 15

వచ్చాను. నిన్న మొదటిసారి బయలుదేరాం. లాంగ్‌మైర్ దగ్గర గేటు తీయలేదు, పైన గాలి ఎక్కువగా ఉందన్నారు. పాప ఏడుపు మొహం పెట్టింది. అల్లుడు ఒక్క మాట కూడా వాదించకుండా కారు పక్కకు తీశాడు. ఆ పిల్లవాడి మీద నాకు ఎంత నమ్మకం కుదిరిందో చెప్పలేను.

అక్కడే ఒక చిన్న దారి ఉంది, పచ్చిక మైదానం చుట్టూ తిరిగి వస్తుంది. చుట్టూ ఆకాశమంత చెట్లు, కొమ్మల మీద మంచు. ఒక చోట మాత్రం మంచు లేదు. ఊట నీటిలో బుడగలు పైకి వస్తున్నాయి, చుట్టూ మట్టి ఇనుప తుప్పు రంగులో ఉంది. కొండ లోపలి నుంచి వచ్చే నీళ్లు, వాయువు అని పలక మీద రాసి ఉందని అమ్మాయి చదివి చెప్పింది. వంగి చూశాను. అన్నం ఉడకడం మొదలైనప్పుడు గిన్నెలో ఒక్కో బుడగ లేచినట్టు లేస్తోంది. ఇంత మంచు కింద ఇంకా పొయ్యి ఆరలేదని అప్పుడు నాకు అర్థమైంది. విచిత్రంగా భయం వేయలేదు. దండం పెట్టుకున్నాను.

నరసన్నపేట అమ్మ | డిసెంబరు 23

శనివారం పారడైజ్ వెళ్లాం. ఎత్తు 1,646 మీటర్లట. మన మహేంద్రగిరి కొన కంటే పైన నిలబడ్డానన్న మాట. 1971-72 చలికాలంలో ఇక్కడ మొత్తం 28 మీటర్ల పైచిలుకు మంచు పడిందని అల్లుడు చెప్పాడు. అతిథి గృహం కిటికీలు సగం మునిగి ఉండడం చూశాక నమ్మాను.

ఆ తట్టలు కట్టుకుని నడవడానికి పది నిమిషాలు తడబడ్డాను. వరి నాట్ల మడిలో నడిచినట్టు కాలు వెడల్పుగా వేయాలి. ఆ ఒక్క కిటుకు తెలిశాక ఇబ్బంది పడలేదు. అడుగు వేస్తే మంచు కిర్రుమంటుంది, కొత్త తాటాకు చాప మీద కూర్చున్నట్టు. ఆగితే ఆ చప్పుడూ ఉండదు. నా ఊపిరే నాకు వినిపించింది. ఊలు తొడుగు మీద ఒక రేకు పడింది. పాప "కదలకు అమ్మమ్మా" అంది. ఆరు కొమ్మలు, కొమ్మకు మళ్లీ చిన్న చిన్న ఈకలు. మా అమ్మ సంక్రాంతికి వేసే ముగ్గు. ఇద్దరం తలలు ఆనించి చూస్తుండగానే నీటి బొట్టయింది.

మబ్బు అయిదు నిమిషాలు విడిపోయింది. కొండ మొత్తం కనిపించింది. మెడ పూర్తిగా వెనక్కి వాల్చాలి. మంచు దారి గారు చెప్పినట్టు చెట్లకు దూరంగానే నడిచాం. మధ్యాహ్నం రెండుకల్లా తిరుగు దారి పట్టాం. జీడిపప్పు సగం పాప తినేసింది.

ఓడ మనిషి | డిసెంబరు 24

చదివాను అక్కయ్యగారూ. గేటు దగ్గర వెనక్కి తిరిగిన సంగతి చదివాక నా మాట వెనక్కి తీసుకుంటున్నాను. అలా వెనక్కి తిరగడం తెలిసిన కెప్టెన్ల దగ్గరే నేను 24 ఏళ్లు బతికి బయటపడ్డాను.

నరసన్నపేట అమ్మ | జనవరి 6

ఈ రోజు మొదటి సోమవారం. మధ్యాహ్నం పప్పు తాలింపు వేస్తుండగా సైరన్ మోగింది. ముందే తెలుసు, అయినా చేయి ఆగిపోయింది. పొయ్యి కట్టేసి కిటికీలోంచి చూశాను. కొండ మబ్బులో ఉంది. వీధిలో ఒకాయన కుక్కను తిప్పుతున్నాడు, ఆగకుండా వెళ్లిపోయాడు. సాయంత్రం పాప బడి నుంచి రాగానే "నన్ను ఆ దారిలో తీసుకువెళ్లు" అన్నాను. నా నడకతో 34 నిమిషాలు పట్టింది. ఇంటికి వచ్చి, తలుపు పక్కన వాళ్లు పెట్టుకున్న సంచిలో నా మాత్రలు పది రోజులకు సరిపడా, నా మంకీ క్యాప్ పెట్టాను.

లోయ ఇల్లు | జనవరి 6

అమ్మా, ఇంట్లో లెక్క ఇప్పుడు 26 కాదు, 34 అని అల్లుడుగారికి చెప్పండి. ఫ్రిజ్ మీద రాసి అంటించమనండి.

నాగావళి ఒడ్డు | జనవరి 7

శ్రీకాకుళం నుంచి రాస్తున్నాను. మా తమ్ముడు ఈ నెలలో టకోమా వెళుతున్నాడు, పారడైజ్ చూస్తానంటున్నాడు. టైరు గొలుసులు ఎప్పుడూ వేయలేదు. ఏం చేయాలి?

మంచు దారి | జనవరి 7

టైరు పక్కన రాసి ఉన్న కొలతకు సరిపోయే గొలుసులు కొనమనండి. ఇంటి దగ్గర, పొడి నేల మీద, పగటిపూట రెండుసార్లు వేసి తీయమనండి. మూడోసారి తొడుగులు వేసుకున్న చేతులతో వేయాలి. అద్దె కారు అయితే గొలుసులు వేయనిస్తారో లేదో తీసుకునే ముందే అడగాలి. వచ్చాక ఇక్కడ రాయమనండి, మొదటిసారి నేను వెంట వెళతాను.